చచ్చిన గొర్రె చెవి

1963 అక్టోబరు 21, సోమవారం

ఈ నోటుబుక్కు బ్యాంకుది కాదు. మోత్కూరు అంగట్లో ముప్పావలా పెట్టి కొన్నాను. రాసే అలవాటు లేదు. ఇవాళ చూసిన సంగతి ఎవరితోనైనా అనాలనిపించింది. అనడానికి ఎవరూ లేరు.

భిక్షపతి సేటు వచ్చాడు. రైసు మిల్లు ఆయనదే. భార్య పేర ఉన్న చిన్న ఖాతాలో జూన్‌లో మూడు రూపాయలు తగ్గాయని పాసుబుక్కు తెచ్చాడు. ఆరు నెలలు కదలని ఖాతాలకు జూన్ ఆఖరున మూడు రూపాయలు ఖాతా ఖర్చు వేస్తాం. వేసే ముందు, మే నెలలో, కార్డు రాసి తెలియజేయాలి. నియమం అది.

"కార్డు గీర్డు ఏం రాలే మాకు" అన్నాడు సేటు, కుర్చీ లాక్కుంటూ.

మేనేజరు రామచంద్రయ్య గారు నవ్వారు. "గీ మూడు రూపాలకు మీరు నడిసొస్తరా సేటు? మనిషిని పంపితే అయిపోవు గద."

అటెండరు జానయ్యను ఛాయ్‌కి పంపారు. నన్ను వోచరు రాయమన్నారు. ఛాయ్ వచ్చేలోగా మూడు రూపాయలు ఖాతాలో పడ్డాయి, జూన్ తేదీ మీదనే, అసలు తగ్గనే లేదన్నట్టు.

సేటు పోయాక అడిగాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కావస్తోంది, ఇంకా పర్మనెంటు కాలేదు, తెలుసుకోవాలి గదా. "వాపసు ఎవరికియ్యాలె, ఎవరికియ్యొద్దని ఏమన్న లెక్క ఉన్నదా సార్?"

"ఉన్నది. మన తప్పయితే ఇయ్యాలె. వాళ్ళ తప్పయితే మన ఇష్టం. పెద్ద ఖాతా అయితే తప్పెవరిదని అడగనే వద్దు."

జానయ్య గ్లాసులు ఏరుకుంటూ "మరి చిన్న ఖాతా అయితే సార్?" అన్నాడు.

"చిన్న ఖాతోళ్ళు అడగరు."

ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను.

అక్టోబరు 24

గుర్వమ్మ చిన్నమ్మ వచ్చింది.

మా ఎర్రగుట్ట నుంచి తెల్లవారకముందే బయల్దేరి నడిచి వచ్చిందట. మా అమ్మా ఆమే ఒక్కచోట గొర్రెలు కాచిన మనుషులు. అమ్మ పోయాక నేను బడికి పోయే రోజుల్లో పొద్దున జొన్న గటక పోసింది ఆమే. గడప దాటుతూనే "ఎల్లసామీ" అని గట్టిగా పిలిచింది.

మేనేజరు తల ఎత్తారు.

"ఏమమ్మా, ఏం పని?" అన్నాను.

ఆమె ఆగింది. గొంగడి భుజం మీద సర్దుకుంది. "గదే సారు, లోను కాయితం కోసం వచ్చిన" అంది.

మేనేజరు "మీ వాళ్ళా?" అని అడిగారు. మా ఊరివాళ్ళు సార్ అన్నాను. అబద్ధం కాదు.

వానాకాలంలో వాళ్ళ మందకు పారుడు రోగం తగిలింది. ముప్పైలో పదకొండు మిగిలాయి. ఈ ఏడు మా బ్యాంకు తల్లిగొర్రెలు కొనుక్కోవడానికి మూడు వందలు అప్పు ఇస్తోంది. ఏడాదిపాటు ఖాతాలో యాభై రూపాయలు తగ్గకుండా ఉండాలి, నవంబరు ముప్పైలోగా దరఖాస్తు రావాలి. చిన్నమ్మ పోయిన ఏడు దసరా ముందర యాభై వేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

పాసుబుక్కులో నలభై ఏడు ఉంది.

"గిదేంది?" అంది వేలు పెట్టి. చదువు రాకపోయినా అంకెలు గుర్తుపడుతుంది. "నేను తియ్యలే గద."

ముట్టుకోలేదు కాబట్టే తగ్గిందని చెప్పాను. ఆమెకు అది ఎక్కలేదు. "ముట్టకుంటె ఎట్ల తగ్గుతది సారు?" అని రెండుసార్లు అడిగింది. మూడు రూపాయలు ఇప్పుడు వేస్తానంది. ఇప్పుడు వేస్తే పనికిరాదు, ఏడాది తెగిపోయింది. తీసిన మూడు రూపాయలు జూన్ తేదీ మీద వాపసు పడితేనే ఏడాది నిలుస్తుంది. వాపసుకు అర్జీ పెట్టుకొమ్మన్నాను.

పోయిన ఏడు ఎర్రగుట్టలో నలభై ఖాతాలు తెరిపించింది నేనే. హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. అప్పుడు ఈమె అరుగు మీద కూర్చుని, "గొర్రెలు సస్తయి చిన్నమ్మా, బేంకుల పెట్టిన పైసలు సావయి" అన్నాను.

అక్టోబరు 25

కార్డులు మే నెలలోనే పోయాయి. డిస్పాచి రిజిస్టరులో ఉంది.

నవంబరు 2

అర్జీ నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. మేనేజరు చదివి అడిగిన మాట ఒక్కటే.

"కార్డు పోయిందా?"

"పోయింది సార్."

రిజిస్టరు తెమ్మన్నారు. తెచ్చాను. మే 24, ఖాతా ఖర్చు కార్డులు, 41. పక్కన నా సంతకం. సేటు కార్డు రాలేదన్నప్పుడు రిజిస్టరు తెమ్మనలేదు. నాకు గుర్తొచ్చింది. ఆయనకు కూడా గుర్తొచ్చే ఉంటుంది.

అర్జీ మీద ఎర్ర సిరాతో రాశారు: "ముందుగా తెలియపరచడమైనది. వాపసు అవసరం లేదు."

చిన్నమ్మ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. చెప్పాను.

"కార్డా? ఏం కార్డు?"

"పోస్టుల వస్తది. తెలుపుతం ముందుగాల."

"మాకేం రాలే సారు."

"పంపినట్టు ఉన్నది."

ఆమె లోపలికి, నా బల్లకేసి ఒకసారి చూసింది. పంపినట్టు ఉన్నదన్నాను. పంపామని అనలేదు.

నవంబరు 3, ఆదివారం

ఆలోచించాను. మే నెలలో ఎర్రగుట్ట మందలన్నీ కృష్ణ ఒడ్డున ఉంటాయి. మాఘంలో పోతే మృగశిర వానలకే తిరిగి రావడం. గుర్వమ్మ ఊళ్ళో లేదు, ఆమె మొగుడు పర్వతాలు లేడు. కార్డు వెళ్ళినా ఎవరి చేతిలో పడేది? ఎవరు చదివేవారు? అంటే కార్డు సంగతి ఎట్లా ఉన్నా జరిగేది ఇదే.

నా భార్య యాదలక్ష్మి అడిగింది, అన్నం ఎందుకు వదిలేశావని. పులుసు ఉప్పగా ఉందన్నాను. లేదు.

నవంబరు 5

పర్వతాలు తల్లి హనుమమ్మ ఊళ్ళోనే ఉంటుంది. నడుం వంగింది కాబట్టి మంద వెంట పోదు. కార్డు వస్తే బడిపంతులు దగ్గరికి పట్టుకుపోయి చదివించుకుంటుంది. ఒక్క రూపాయి వేస్తే ఖాతా కదిలినట్టే. ఆమె మనిషిని పంపి వేయించి ఉండేది.

మొన్న రాసింది కొట్టేయాలనుకున్నాను. కొట్టేయలేదు.

నవంబరు 9

రాస్తాను. ఎవరూ చదవరు.

మే 24 శుక్రవారం. నలభై ఒక్క కార్డులూ రాయడం సాయంత్రం అయిదింటికి పూర్తయింది. భువనగిరిలో టూరింగు టాకీసు వచ్చిందని యాదలక్ష్మి తమ్ముడు వారం నుంచి పిలుస్తున్నాడు. బస్సు అయిదున్నరకు. పోస్టాఫీసు ఊరికి ఆ చివర, బస్సు ఈ చివర. రిజిస్టరులో పంపినట్టు రాసి సంతకం పెట్టేశాను, భువనగిరిలో దిగి డబ్బాలో వేద్దామని కట్ట సంచిలో పెట్టుకున్నాను. అక్కడ దిగేసరికి ఆట మొదలైందన్నారు, డబ్బా దగ్గర ఆగలేదు.

శనివారం కట్ట తెచ్చి నా బల్ల కింది సొరుగులో పెట్టాను, సాయంత్రం వేద్దామని. సోమవారం కూడా అనుకున్నాను. జూన్ వచ్చాక వేస్తే తేదీ చూసి అడుగుతారని వేయలేదు. జూన్ ముప్పయ్యో తేదీన నలభై ఒక్క ఖాతాల్లో మూడేసి రూపాయలు తీసి రాసింది కూడా నేనే. నా చేతిరాతే.

పాత లెక్కల పుస్తకాల కింద ఉన్నాయి. పురికొస కూడా విప్పలేదు.

నవంబరు 20

ఇద్దరూ వచ్చారు. పర్వతాలు బ్యాంకు లోపలికి రావడం ఇదే మొదలు. చెప్పులు బయట విడిచి, కర్ర కూడా గోడకు ఆనించి వచ్చాడు. మేనేజరు అంగడి బాకీల మీద మోత్కూరు పోయారు. అందుకే కాసేపు కూర్చోబెట్టాను.

పదకొండు గొర్రెలతో మంద కాదు, అన్నాడు. వాటికోసం ఒక మనిషి తిరగాలి, కూలి గిట్టదు. లోను రాకుంటే ఆ పదకొండూ అమ్మేసి పటేలు మందకు జీతం ఉండాలి. పటేలు అప్పుడే కబురు పెట్టాడు, ఆలుమగలు ఇద్దరికీ కలిపి ఏడాదికి రెండు వందల నలభై, రెండు గొంగళ్ళు.

"మా నాయినకు సుత సొంత మందే ఉండె" అన్నాడు.

తర్వాత జానయ్య వైపు తిరిగి, "నువ్వు చెప్పు కాకా, నువ్వు పెద్దమనిషివి. గొర్రెను మేపనీకె పాలుకిస్తం. మేపేటోని దగ్గర అది సచ్చింది. ఏం చేస్తడు?"

"చెవి కోసి తెస్తడు" అన్నాడు జానయ్య.

"ఆఁ. ఆసామికి చెవి సూపిస్తడు. చెవి మీద ఆసామి గుర్తు కోత ఉంటది, మనింటి కోత మనకు ఎరుకనే. చెవి తెస్తే సచ్చినట్టు. తేకుంటే?"

"అమ్ముకొని తిన్నట్టు."

"మరి మా మూడు రూపాలు మీ బేంకుల సచ్చినయంటున్రు. చెవి ఏది సారు?"

జానయ్య పకపకా నవ్వాడు. "బాగడిగినవ్ పో. ఎల్లస్వామి సారూ, తియ్యి చెవి!"

పర్వతాలు కూడా నవ్వాడు. వేళాకోళానికే అన్నాడు. చిన్నమ్మ నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తోంది. నా మోకాలు సొరుగుకు ఆని ఉంది.

"పెద్దసారుకు ఇంకోసారి చెప్త" అన్నాను.

"చెప్పు" అంది ఆమె. "ఇంక పది పొద్దులున్నది."

నవంబరు 26

చెప్పలేదు. మేనేజరు నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాస్తున్నారని జానయ్య చెప్పాడు.

నవంబరు 29

ఇవాళ చెప్పాను. అందరూ పోయాక, తలుపు దగ్గర నిలబడి. "సార్, గా మే నెల కార్డులు..." అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు. నా ముఖం చూశారు. చూడగానే అర్థమయింది ఆయనకు.

"ఆగు ఎల్లస్వామి. చెప్పకు. నువ్వు చెప్తే నేను రాయాలె. రాస్తే మన తప్పయితది. మన తప్పయితే నలభై ఖాతాలకు వాపసు, హెడ్డాఫీసుకు సంజాయిషీ. సేటుకు ఎట్లిచ్చినవని నన్నడుగుతరు, ఇంకోళ్ళకు ఎట్లియ్యలేదని అడుగుతరు. నీ నౌకరి సంగతి నువ్వే ఆలోచించుకో. నీ రిపోర్టు రాసిన. మంచిగనే రాసిన."

నేను నిలబడే ఉన్నాను.

"సొరుగుల పాత కాయితాలు ఏమన్న ఉంటే జానయ్యకియ్యి. ఛాయ్ నీళ్ళ కింద పెడ్తడు" అన్నారు, గొడుగు తీసుకుంటూ. "నువ్వేం చెప్పలే, నేనేం ఇనలే."

నేను చెప్పబోయాను. వినకపోతే నేనేం చేయాలి.

నవంబరు 30

లోను జాబితా రెండు గంటల బస్సుకు హెడ్డాఫీసుకు పోయింది. పదకొండు పేర్లు. శుద్ధప్రతి నేనే రాశాను. దస్తూరి బాగుందన్నారు మేనేజరు.

డిసెంబరు 14

పర్మనెంటు ఆర్డరు వచ్చింది. యాదలక్ష్మి పాయసం చేసి చుట్టుపక్కల ఇళ్ళకు పంపింది. జానయ్యకు రెండు గిన్నెలు. అందరూ సంతోషించారు.

డిసెంబరు 15

కార్డులు జానయ్యకు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో రాయడానికి కూర్చున్నాను. నిజాయితీ అని రాద్దామనుకున్నాను. భయం కావచ్చు. జానయ్య చదవగలడు.

1964 జనవరి 8

గుర్వమ్మ ఖాతా మూసేసింది.

మేనేజరు లోపలే ఉన్నారు. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి పాసుబుక్కు పెట్టింది. గొర్రెలు అమ్మేశారట. పటేలు మందకు కుదిరారు. నలభై ఏడు లెక్కపెట్టి ఇచ్చాను. చెవి మాట ఎత్తుతుందనుకున్నాను. పైసలు సావవన్నవు గదా అని అంటుందనుకున్నాను. అంటే చెప్పవలసిన జవాబు ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాను కూడా.

"ఏలు ఏడ పెట్టాలె సారు?" అంది. అంతే.

చూపించాను. సిరా తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాను. గొంగడికే తుడుచుకుంది.

జనవరి 9

గటక సంగతి గుర్తొస్తోంది. రాయను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మందలు వలస బయల్దేరాయని జానయ్య నిన్న చెప్పాడు. పటేలు మంద ఇవాళ రాత్రికి బ్యాంకు ఊరికి దక్షిణాన బీడులో ఆగుతుంది, తెల్లవారి మళ్ళీ కదులుతుంది. నేను ఆదివారం తాళం తీయించి సొరుగులోంచి ఆమె కార్డు ఒక్కటి తీసుకున్నాను. మిగతావి అక్కడే ఉంచాను.

పొద్దు వాలుతుండగా పోయాను. మూడు వందల పైన జీవాలు. ఇద్దరూ దడి కడుతున్నారు. గుర్వమ్మ నన్ను చూసి చేతిలో ముళ్ళకంప కింద పడేసింది.

"చిన్నమ్మా" అన్నాను.

"ఏం సారు, గింత దూరమొచ్చినవ్?"

కార్డు ఇచ్చాను. తడిమి చూసింది. తిప్పింది, మళ్ళీ తిప్పింది. గొర్రె చెవి మీద కోత వెతికినట్టే చూసింది.

"మా పేరేనా ఇది?"

"నీ పేరే."

"మరి పోస్టు ముద్రేది? పంతులు కార్డులకు నల్లగ ఉంటది, గుండ్రంగ."

"లేదు. నేను పోస్టుల ఎయ్యలే. సొరుగుల పెట్టి మర్చిపోయిన. తర్వాత మర్చిపోలే, భయపడ్డ."

పర్వతాలు దడి దగ్గర్నుంచి లేచాడు. వింటున్నాడు.

"గీ కార్డు నవంబరుల ఇస్తే?" అంది ఆమె.

"లోను వచ్చేది. వాపసు ఇయ్యక తప్పకపోయేది వాళ్ళకు."

"నీకేమైతుండె?"

"నౌకరి పర్మనెంటు కాకపోతుండె."

"అయ్యిందా ఇప్పుడు?"

"అయ్యింది."

ఆమె తల ఊపింది. కోపం కాదు. లెక్క కుదిరిన మనిషిలాగా ఊపింది. గొర్రెపిల్ల ఒకటి దడి దాటబోతే కాలితోనే లోపలికి నెట్టింది. పర్వతాలు అన్నాడు, "ఏమే, నేను వేళాకోళానికంటి, నిజంగనే చెవి ఆయన దగ్గర్నే ఉండె సూడు."

"ఎన్నున్నయి గిసొంటివి?" అంది చిన్నమ్మ.

"ఇంకో నలభై. ఒకటి సేటుది. కడమయి మన ఊరియే."

"మన ఊరియా" అంది.

కార్డు ఆమె చేతిలోనే ఉంది. చూపించి తీసుకుపోదామనే తెచ్చాను, ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. చేయి చాపాను.

ఆమె కార్డును మడిచి కొంగున ముడి వేసుకుంది.

"ఆసామి చెవి వాపసియ్యడు సారు" అంది. "పో, పొద్దు పోతాంది. తొవ్వల ముండ్లున్నయి, సూసి నడువు."

ఫిబ్రవరి 10

పొద్దున్నే కట్ట తీసి మేనేజరు బల్ల మీద పెట్టాను. జరిగింది రాసిన కాగితం దాని మీద పెట్టాను. నా సంతకం, తేదీ.

ఆయన పురికొస విప్పలేదు. "గివి ఇంక ఉన్నయా? నీకేం చెప్పిన నేను?"

"నలభై ఉన్నయి సార్. నలభై ఒకటోది గుర్వమ్మ దగ్గర ఉన్నది."

ఆయన అద్దాలు తీశారు. చాలాసేపు తుడుచుకున్నారు. "ఆమెకెందుకిచ్చినవ్?"

"ఆమెది సార్."

"ఇంక ఇనకుండ ఎట్లుంట" అన్నారు. అని, కాగితం దగ్గరికి లాక్కున్నారు.

జానయ్య ఛాయ్ తెచ్చాడు. నా ముందు గ్లాసు పెట్టలేదు. మర్చిపోయాడేమో.

ధైర్యం వచ్చి పెట్టానని రాయబోయాను. అది కాదు. ఆ ఒక్కటి బయటికి పోయింది కాబట్టి పెట్టాను. ఆమె తిరిగి ఇచ్చి ఉంటే అది కూడా మళ్ళీ కట్టలోకే పోయేది.

మార్చి 23

ఆర్డరు వచ్చింది. తప్పు బ్యాంకుదని తేలింది కనుక వాపసు ఇవ్వవలసినదే. ఎర్రగుట్ట ఖాతాలు నలభైకి నూట ఇరవై రూపాయలు. నా జీతంలోంచి నెలకు పది పట్టుకుంటారు. పర్మనెంటు రద్దు, ఇంకో ఏడాది ప్రొబేషను. మేనేజరుకు మెమో. ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు.

లోను సంగతి రాసి అడిగాను. జాబితా ముగిసినందున మళ్ళీ తెరవడం కుదరదని ఒక్క వాక్యం జవాబు.

యాదలక్ష్మికి చెప్పాను. మొత్తం చెప్పాను, టాకీసు దగ్గర్నుంచి. ఆమె వింది. "మా తమ్ముని పేరు చెప్పకు ఎక్కడా" అంది. చాలాసేపటికి, "గామె ఇంట్లనేనా నువ్వు తిని బడికి పోయింది?" అంది.

మార్చి 28

వాపసు రాశాను. ముప్పై తొమ్మిది ఖాతాల్లో, జూన్ తేదీ మీద. గుర్వమ్మకు ఖాతా లేదు గనుక ఆమె మూడు రూపాయలు మనియార్డరు చేయమన్నారు. జానయ్య నేను పట్టుకుపోతానన్నాడు. వద్దన్నాను. పోస్టాఫీసుకు నేనే నడిచి పోయి, గుమాస్తా ముద్ర కొట్టిందాకా నిలబడ్డాను.

ఏప్రిల్ 18

మనియార్డరు తిరిగి వచ్చింది. "పైకం పుచ్చుకోవలసినవారు ఊళ్ళో లేరు, మంద వెంట వలస పోయినారు" అని పోస్టుమాను రాశాడు. హనుమమ్మ చేతికి ఇవ్వకూడదట, పేరు ఆమెది కాదు.

ఫారం మీద ముద్రలు రెండు ఉన్నాయి, పోయినది ఒకటి, వచ్చినది ఒకటి. నల్లగా, గుండ్రంగా, బాగా పడ్డాయి.

మృగశిర దాకా సొరుగులో ఉంచాలి.